తలకు తగిన పాగా

పిల్లవాడికి టోపీ కొనబోతే ఒకటి బిగుతు, ఒకటి వదులు, మూడోది చెవుల మీదికి జారడం మనందరికీ అనుభవమే. "వీడి తలే అంతండీ" అని కొట్టువాడు నవ్వేస్తాడు. మనమూ నవ్వేస్తాం. మా అమ్మ మాత్రం ఆ మాటకి నవ్వేది కాదు.

మాది జగ్గయ్యపేట, అమ్మ పుట్టిల్లు నందిగామ. మా తమ్ముడి తల ముందుకీ వెనక్కీ పొడుగు, పక్కలు నొక్కేసినట్టుంటాయి. "నీళ్ళు పోసేటప్పుడు సరిగా వొత్తలేదు, ఆవాల దిండు వెయ్యమంటే వెయ్యలేదు" అని నాయనమ్మ వచ్చినవాళ్ళందరితోనూ అనేది. బళ్ళో పెరేడ్‌కి ఇచ్చిన టోపీ వాడి నుదుటి మీద ఎర్రగా గీరుకుపోయేది, చెవుల పక్కన వేలు దూరేంత సందు. పిల్లలు నవ్వారు. వాడు పెరేడ్ మానేశాడు. అమ్మ వంటింట్లో కూచుని యేడ్చింది.

నందిగామ నుంచి తాతయ్య వచ్చాడు. విన్నాడు. తన తలగుడ్డ విప్పి వాడికి చుట్టాడు. "ఇప్పుడు చెప్పవే అమ్మాయ్, వీడి తలకేం లోటు?" అన్నాడు. నిజంగానే రాజకుమారుడిలా వున్నాడు మా తమ్ముడు!

రాజు అన్నది వూరికే అన్న మాట కాదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తన తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టకముందు మా వూరు బేతవోలు. వూరి పక్క ధనంబోడు మీద 1882లో బర్జెస్ దొర బౌద్ధ స్తూపం తవ్వించాడు. అందులో దొరికిన పలక ఒకటి మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో వుంది. చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు, మబ్బుల్లోంచి చదరపు నాణేలు కురుస్తున్నాయి, చుట్టూ రాణి, ఏనుగు, గుర్రం, చక్రం. మాంధాత అంటారు ఆయన్ని. ఆ రాజు తల మీద వున్నది కిరీటం కాదమ్మా, బరువైన తలపాగా! రెండు వేల యేళ్ళ కిందటి సంగతి. ఆయన తల గుండ్రమో, పొడుగో, చొట్టో మనకెవరికీ తెలియదు. పాగా తెలియనివ్వదు.

గుడ్డకి సైజు లేదు. పల్లం వున్నచోట ఇంకో చుట్టు, ఎత్తు వున్నచోట వదులు. పైగా మెట్టపొలంలో ఎండకి గొడుగు, చెమటకి తువ్వాలు, బరువెత్తాలంటే చుట్టకుదురు అదే.

దొరలతో టోపీ వచ్చింది. వాళ్ళ ఎండటోపీ చేసింది మన జీలుగు బెండుతోనే, కాని అది గట్టి గిన్నె. తలే దానికి సరిపోవాలి. టేపు చుట్టూ కొలుస్తుంది గాని ఆకారం చెప్పదు. ఇరవైరెండు అంగుళాల తల గుండ్రంగానూ వుండొచ్చు, కోడిగుడ్డులానూ వుండొచ్చు. ఈ తంటా దొరలకూ తప్పలేదు. 1840ల్లో పారిస్‌లో దీనికోసమే ఒక యంత్రం చేశారు. తల మీద పెడితే దాని ఆకారం చిన్న కాగితం మీద అచ్చు పడేది. చూశారా, వంకరలేని తల ఎవరికీ లేదన్నమాట!

గాంధీ టోపీ మెత్తటి గుడ్డే గనక కొంచెం నయం. అయినా ఖద్దరు వుతికితే ముడుచుకుంటుంది. 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, గుంటూరులో దాన్ని పెట్టుకోరాదన్నారు. జనం పెట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు. అప్పుడు బిగుతూ వదులూ ఎవరు చూసుకున్నారు?

మామూలు టోపీకి పాత కిటుకొకటి వుంది. లోపలి పట్టీ వెనక, ఖాళీ వున్న పక్క, వార్తాపత్రిక మడిచి దోపితే కుదురుతుంది. హెల్మెట్టుకి మాత్రం ఈ పని చెయ్యకండి. మా తమ్ముడు రోజూ హైదరాబాదు రోడ్డు మీద నందిగామ వెళ్ళొస్తాడు, హెల్మెట్టు మాత్రం పెట్రోలు ట్యాంకు మీద! నుదురు నొప్పిట. లారీలు తిరిగే రోడ్డు, నాకు గుండె దడ. కిందటేడు వాణ్ణి లాక్కెళ్ళి, ఐ.ఎస్.ఐ. గుర్తు వున్నవే అయిదారు రకాలు, ఒక్కొక్కటీ పావుగంట సేపు పెట్టించాను. ఒకే నంబరైనా లోపలి ఆకారం కంపెనీకో తీరు. నుదుటి మీద ఎర్రచార పడితే పక్కన పెట్టించాను. కొట్టువాడు విసుక్కున్నాడు, విసుక్కోనీ. ఆరోది కుదిరింది.

ఆ దారినే డాక్టరుగారిని అడిగాను. తల ఆకారం చాలామట్టుకు పుట్టుకతో వచ్చేదేననీ, వొత్తడాలూ దిండ్లూ చంటిపిల్లలకి అసలు వద్దనీ, తేడా కనిపిస్తే నెలల బిడ్డగా వున్నప్పుడే చూపించమనీ చెప్పారు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. నాయనమ్మ లేదు ఇప్పుడు. అమ్మ ఏమీ అనలేదు. తమ్ముణ్ణి కూచోబెట్టి, హెల్మెట్టు పెట్టించి, రెండు పక్కలా వేలు దూర్చి చూసింది. దూరలేదు.