తానీషా, కూచిపూడి భాగవతులు

కృష్ణా జిల్లా మొవ్వకు చేరువనున్న కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినది గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా అని ఆ గ్రామ సంప్రదాయం చెబుతుంది. 1678లో మచిలీపట్నం ప్రయాణంలో ఆయన వారి ఆట చూసి మెచ్చాడట. అక్కన్న మాదన్నలకు కొలువులో పెద్దపీట వేసిన ప్రభువు విషయంలో ఇది నమ్మరాని మాటేమీ కాదు.

ఆ ఆట నేటి ఏకపాత్ర నృత్యం కాదు. పురుషులే స్త్రీ వేషాలు కట్టి, రాత్రివేళ ఆరుబయట ఆడే నాటకం. నటుడు అడుగు వేయడమే కాదు, తానే పాడాలి, మాట్లాడాలి. సూత్రధారుడు తాళం పట్టి కథ నడిపిస్తాడు. ప్రతి పాత్రా ప్రవేశ దరువుతో తన్ను తాను ఎరుకపరచుకుంటుంది. సిద్ధేంద్రయోగి రచనగా చెప్పే భామాకలాపంలో సత్యభామ ముఖం చూపకముందే తెర మీదుగా జడ వేసి సవాలు చేస్తుంది. నేటి ప్రేక్షకులు పళ్లెం అంచుల మీది తరంగాన్నే ఎక్కువగా మెచ్చుకుంటారు. అసలు కష్టం ఈ వాచికంలోనే ఉన్నది.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. తానీషా దౌలతాబాదు కోటలో బందీ అయ్యాడు. భాగవతులు మాత్రం ఊరు విడువలేదు. 1763 నాటి ఆస్తి పంపకపు పత్రంలో వేదాంతం, వెంపటి, పసుమర్తి మొదలైన పదిహేను ఇంటిపేర్ల వారికి అక్కడి భూమిలో వాటాలు కనిపిస్తాయి.