ఓనమాలు ఏ బడిలో? : కోరాపుట్, రాయగడ సీమలో క్రైస్తవ శిశుపాఠశాలలు, మన తెలుగు



మూడేళ్లు నిండిన బిడ్డను క్రైస్తవ సంస్థ నడిపే శిశుపాఠశాలలో చేర్చవచ్చునా అన్న ప్రశ్న రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్, సునాబేడ పట్టణాలలోని తెలుగు ఇండ్లలో తరచు వినబడుతుంది. తాతగారు మతమును గురించి సందేహిస్తారు. తండ్రి ఆంగ్లమును గురించి ఆశపడతాడు. తల్లి బడి ఎంత దూరమో, ఆయమ్మ బిడ్డను ఎట్లా చూసుకుంటుందో విచారిస్తుంది. ఈ ముగ్గురి ఆలోచనలలోను న్యాయమున్నది. అయితే నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని అడిగేవారు అరుదు. ఆ బడిలో బిడ్డతో ఏ భాషలో మాట్లాడుతారు? ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మన ప్రాంతపు బడుల చరిత్రను కొంచెం తిరగవేయాలి.

మొదట మతమును గూర్చిన సందేహమును చూద్దాం. చదువు ఆరంభంలో దైవప్రార్థన ఉండడం మనకు కొత్త సంగతి కాదు. "ఓనమాలు" అన్న మాటయే శివునికి చేసే నమస్కారం నుండి పుట్టినది. వీధిబడిలో అయ్యవారు పిల్లవాని వేలు పట్టుకొని ఇసుకలో దిద్దించిన తొలి అక్షరాలు అవే. మన పొరుగు ఒడియా కుటుంబాలలోనూ ఖడిఛువా నాడు బిడ్డ చేత సుద్దతో మూడు సున్నలు గీయిస్తారు; అవి బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులకు గుర్తులు. కాబట్టి క్రైస్తవ బడి ప్రార్థనతో మొదలగుట వింత కాదు. ఆ ప్రార్థన మన ఇంటిది అవునా కాదా అన్నదే తేడా.

ఈ సీమకు క్రైస్తవ బడి ఎట్లా వచ్చినది? నేటి కోరాపుట్, రాయగడ జిల్లాలు ఆనాడు మదరాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో, అధికభాగం జయపురం సంస్థానంలో ఉండేవి. తెలుగునాట క్రైస్తవ బడుల చరిత్ర కూడ ఒక విధంగా విశాఖలోనే మొదలయినదని చెప్పవచ్చు. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డె గ్రాంజ్ అనే ఇద్దరు అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొన్నారు, బడి పెట్టారు, సువార్తల అనువాదానికి పూనుకొన్నారు. కొండల మీదికి ఆ పని చేరడానికి ఇంకొక ముప్పాతిక శతాబ్దం పట్టినది. జర్మనీ ఉత్తరపు కొసన ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతంలో బ్రెక్లుం అనే చిన్న గ్రామమున్నది. అక్కడి పాస్టరు క్రిస్టియన్ యెన్సెన్ 1876లో ఒక లూథరన్ మిషన్ స్థాపించాడు. ఆ మిషన్ వారు 1880వ దశకపు తొలి సంవత్సరాలలో ఈ ప్రాంతానికి వచ్చి సాలూరు, కోరాపుట్, జయపురం, పార్వతీపురం మొదలైన చోట్ల స్థిరపడ్డారు. వారి కృషి నుండి ఏర్పడినదే 1928 నాటి జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘం. అటు పర్లాకిమిడి, టెక్కలి, బొబ్బిలి వైపు కెనడా బాప్టిస్టులు పని చేశారు.

వీరు బడి పెట్టడానికి కారణం స్పష్టం. ప్రొటెస్టంటు మతంలో ప్రతి విశ్వాసి బైబిలును స్వయంగా చదువుకోవాలి. చదవాలంటే అక్షరం రావాలి. ఆ అక్షరం తనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందువలన మతప్రచారం కోసమే అయినా, మిషన్ వారు స్థానిక భాషల వద్దకు వెళ్లక తప్పలేదు. దిగువన సాలూరు, పార్వతీపురం వైపు తెలుగు, ఎగువన కోరాపుట్, జయపురం వైపు ఒడియా వారికి ప్రధాన భాషలయినవి. కొండలలోని కువి భాష కోసం షుల్జె అనే మిషనరీ 1911లో ఒక వ్యాకరణమును, 1913లో ఒక పదకోశమును వెలువరించాడు. అంతవరకు అయ్యవారి అరుగు ఎక్కనివ్వని అణగారిన కులాల పిల్లలు ఆ బడులలో కూర్చోగలిగారన్నది కూడ మరువరాని విషయం. మతాంతరీకరణను గూర్చి మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఆ పలక చేతికి వచ్చిన పిల్లవానికి అది ఎంత పెద్ద సంగతియో ఊహించవలసినది మనమే.

మాతృభాషలో బడి అన్న ఆలోచన మిషనరీల సొత్తు కూడ కాదు. పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి స్వంత సొమ్ముతో బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చడాన్ని నిరసించి, 1936లో ఆయన ఆ ఊరినే విడిచి రాజమహేంద్రవరం చేరారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు తెలుగులోను, ఒడియాలోను కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మహాదాత. ఒక నోట రెండు భాషలు హాయిగా ఇమడగలవని ఈ సీమ ఎప్పుడో చూపినది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. జయపురం సంస్థానం కోరాపుట్ జిల్లాగా అందులో చేరినది. అంతవరకు జిల్లా కచేరీ భాష తెలిసిన తెలుగువారు ఒక్కరోజులో అల్పసంఖ్యాకులయ్యారు. తరువాత కూడ తెలుగువారి రాక ఆగలేదు. 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలు మార్గం, 1960వ దశకంలో జేకేపురం కాగితపు మిల్లు, సునాబేడ విమాన ఇంజన్ల కర్మాగారం, 1980వ దశకంలో దామన్‌జోడి అల్యూమినా కర్మాగారం కొత్త కుటుంబాలను తెచ్చినవి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయినది. ఈ కర్మాగార పట్టణాలలోనే మిషన్ బడికి భిన్నమైన మరొక నమూనా బలపడినది. అదే "కాన్వెంటు". పాత మిషన్ బడి పిల్లవాని భాషలోకి దిగివచ్చినది. కాన్వెంటు పిల్లవానిని ఆంగ్లంలోకి ఎక్కి రమ్మన్నది. రెండింటికీ గోడ మీద సిలువ ఒకటే కావచ్చు, చదువు పద్ధతి మాత్రం వేరు.

మూడేళ్ల పిల్లలకు ప్రత్యేకంగా బడి అన్న ఆలోచన కూడ జర్మనీ నుండే వచ్చినది. ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గ్‌లో ఆటలతో కూడిన శిశుశాల ప్రారంభించి, 1840లో దానికి "కిండర్‌గార్టెన్" అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. దానిని నాస్తికత్వం నేర్పే చోటు అని ప్రష్యా ప్రభుత్వం 1851లో నిషేధించినది. 1860 వరకు ఆ నిషేధం తొలగలేదు. ఈనాడు అదే పేరు గల తరగతిలో మతం మితిమీరుతుందేమోనని మనం భయపడుతున్నాం! మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించారు. 1939లో మరియా మాంటిసోరి మదరాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయి, అంగన్‌వాడీలు వచ్చినవి. వీరందరి బోధనలోను సామాన్యమైన సూత్రం ఒకటే. ఈ వయసు బిడ్డ పాటతో, కథతో, చేతిపనితో, ఇంటి మాటతో నేర్చుకుంటుంది.

ఇక చట్టం సంగతి. మతం విషయంలో రాజ్యాంగం మీకు రక్ష కల్పించినది. 28వ అధికరణం మూడవ ఖండం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందిన విద్యాసంస్థలో ఏ విద్యార్థినీ మతబోధలోనో, ప్రార్థనలోనో పాల్గొనమని నిర్బంధించరాదు. మైనరు అయితే సంరక్షకుని సమ్మతి కావాలి. అంటే సమ్మతి మీ చేతిలో ఉన్నది. గుర్తింపు లేని చిన్న శిశుపాఠశాల అయితే ఈ రక్ష నేరుగా వర్తించదు గనుక, చేర్చే ముందే మాట్లాడుకొని కాగితం మీద వ్రాయించుకొనుట మంచిది.

భాష విషయంలో మాత్రం రక్ష ఆలస్యంగా మొదలవుతుంది. 1956లో చేరిన 350-ఏ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించమని చెప్పినది; కాని అది చెప్పినది ప్రాథమిక దశను గురించి. 1949 నాటి విద్యామంత్రుల సమావేశం కుదిర్చిన ప్రసిద్ధ సూత్రం కూడ ప్రాథమిక పాఠశాలకే: బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుని నియమించాలి. ఆ పది మంది ఎక్కడి నుండి రావాలి? మూడేళ్లకే ఆంగ్ల శిశుపాఠశాలలో చేరిన బిడ్డ ఆరేళ్లకు అదే ప్రాంగణంలోని ఒకటవ తరగతికి పోతుంది. తెలుగు బడి ఒకటవ తరగతిలో పది మంది కూడరు. పిల్లలు లేరు గనుక మాస్టారు రారు, మాస్టారు లేరు గనుక పిల్లలు చేరరు. ఒడిశాలో తెలుగు బడి భవితవ్యం ఆరవ ఏట కాక, మూడవ ఏటనే తేలిపోతున్నదని నేను అనడం ఇందుకే.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి, వీలయిన చోట కనీసం ఐదవ తరగతి వరకు ఇంటి భాషను బోధనా భాషగా సూచించినది. ఒడిశా ప్రభుత్వం 2007 నుండి కువి, సవర మొదలైన ఆదివాసీ భాషలలో బహుభాషా విద్యను నడిపినది. ఇవి మంచి అడుగులు. అయితే సూచన వేరు, హక్కు వేరు. మన పిల్లల విషయంలో అడిగి సాధించుకోవలసినది మనమే.

మరి చేర్చవచ్చునా అంటే, చేర్చవచ్చును, అడిగి చేర్చాలి. ప్రార్థన సమయంలో ఇతర మతాల పిల్లలు ఏమి చేస్తారో అడగండి. బిడ్డ తెలుగులో మంచినీళ్లు అడిగితే అర్థం చేసుకొనే మనిషి తరగతిలో ఉన్నదా అని అడగండి. తెలుగు మాట్లాడినందుకు మందలిస్తారా అని అడగండి. వారానికి కొన్ని గంటలయినా తెలుగు పాటలకు, కథలకు చోటు ఇస్తారా అని పదిమంది తలిదండ్రులు కలిసి అడగండి. ప్రవేశపత్రంలో మాతృభాష అన్న గడిలో తప్పక "తెలుగు" అని వ్రాయండి. రేపటి లెక్కకు అదే ఆధారం.

తెలుగు క్రైస్తవ సోదరులకు మరొక్క మాట. రాజ్యాంగం 30వ అధికరణం మతం మీద గాని, భాష మీద గాని ఆధారపడిన అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు ఇచ్చినది. అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఒడిశాలో మీకు ఆ హక్కు రెండు విధాల ఉన్నది. మొదటి దానిని వాడుకొని బడి పెట్టినవారు, రెండవ దానిని కూడ తలచుకొని అందులో ఒక తెలుగు శిశుతరగతి తెరిస్తే, బైబిలును జనభాషలో చదివించాలని వచ్చిన ఆ తొలి బడులకు నిజమైన వారసులు అవుతారు. హిందువులైన తలిదండ్రులు కూడ ఆ తరగతికి తమ బిడ్డలను నిస్సంకోచంగా పంపగలరని నా నమ్మకం.