ఇస్ఫహాన్ వర్తకుడు, కోనసముద్రం కొలిమి

కొత్త ఆయుధాల ప్రయోగశాల అంటే ఇనుప కంచె, గేటు దగ్గర కాపలా గుర్తొస్తాయి. కత్తుల కాలంలో పశ్చిమాసియా ఆశపడ్డ ఉక్కు మాత్రం పల్లె కొలిముల్లో, చూసేవాళ్ల కళ్లముందే తయారైంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం అలాంటి ఊరు.

భారత మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఇక్కడి పని స్వయంగా చూశాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసిపెట్టుకున్నది 1832లో అచ్చైంది. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును పాళ్ల ప్రకారం తూచి మట్టి మూసల్లో నింపేవారు. మూతలు బిగించి కొలిమిలో పేర్చి, తిత్తులూది ఒక పగలూ రాత్రీ మంట నిలిపేవారు. తర్వాత మెల్లగా చల్లార్చి మూస పగలగొడితే ఉక్కు ముద్ద దొరికేది. ఆ తూకం దగ్గరుండి చూసుకున్నది ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు. ఇదే పని పర్షియాలో చేయబోయి కుదరలేదని ఆయనే వాయిసీకి చెప్పాడు.

ఆ ముద్దల్ని పర్షియా కమ్మరులు తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగగొట్టేవారు. మంట మితిమీరితే ముద్ద ముక్కలయ్యేది. కుదిరిన కత్తి మీద నీటి అలల్లాంటి చారలు తేలేవి. డమాస్కస్ కత్తులుగా ఐరోపా మెచ్చుకున్నవి ఈ జాతివే.

గుట్టు విప్పాలని లండన్‌లో కమ్మరి కొడుకు మైఖేల్ ఫారడే 1819లో భారతీయ ఉక్కును పరీక్షించాడు. అల్యూమినియం, సిలికాలే కారణమనుకుని పొరబడ్డాడు. పారిస్‌లో ఝాన్ రోబేర్ బ్రేయాన్ అసలు సంగతి పట్టాడు: కార్బన్ ఎక్కువ ఉండటమే. ఈ ఉక్కులో అది ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది.

ఇంతలో యుద్ధమే మారిపోయింది. తుపాకులు, ఫిరంగుల ముందు కత్తి వెనకబడింది. 1856లో బెసెమర్ పద్ధతి వచ్చాక ఫ్యాక్టరీ ఉక్కు చవకైంది. కోనసముద్రం లాంటి ఊళ్ల కొలిములకు గిరాకీ పోయింది.

ప్రశ్న మాత్రం మిగిలింది. కార్బన్ పాలు తెలిసినా ఆ చారలు ప్రతిసారీ ఎందుకు రావు? అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్‌హోవెన్, కత్తుల కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రేతో కలిసి 1990లలో జవాబు చెప్పాడు. ఖనిజంలో వెనేడియం లాంటి మూలకాలు లేశమాత్రమైనా ఉండాలి. పదేపదే కాచి కొడుతుంటే వాటి వెంబడి కార్బైడ్లు బారులు తీరతాయి, అవే చారలు. ఏ చోటి ఇనుము, ఎంత పాలు అన్నది అంత ముఖ్యం. హాజీ సాబ్ తూకం, మూస, మంట అన్నీ చూసి నేర్చుకోగలడు, ఈ నేల ఖనిజాన్ని మాత్రం ఇస్ఫహాన్‌లో తవ్వుకోలేడు.