గాడ్‌లెస్: హైదరాబాద్ డెత్ మెటల్ పుట్టుపూర్వోత్తరాలు

ఎక్స్‌ట్రీమ్ మెటల్ సంగీతం వినగానే చెవులు మూసుకునేవాళ్లే మనలో ఎక్కువ. ఈ గోలకూ తెలుగువాళ్లకూ ఏం సంబంధం అంటే, హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ బ్యాండే జవాబు. ఆ కథ మాత్రం ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ కార్ఖానాల మధ్య మొదలైంది.

అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో, ఉద్యోగం చివరి రోజున, యంత్రంలో చెయ్యి ఇరుక్కుని కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కావడంతో గిటార్ తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు. పలచటి తీగలు కట్టాడు. తర్వాత శ్రుతి కూడా దించాడు. నొక్కడం తేలికైంది, నాదం బరువెక్కింది. 1970లో అతని బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌తో హెవీ మెటల్‌కు పునాది పడింది.

తర్వాతి తరం ఆ బరువుకు వేగం కలిపింది. 1982లో న్యూకాజిల్‌కు చెందిన వెనమ్ బ్యాండ్ తన ఆల్బమ్‌కు ‘బ్లాక్ మెటల్’ అని పేరు పెడితే, అదే ఒక శాఖకు పేరైంది. 1983లో ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ మొదలుపెట్టిన మాంటాస్ బ్యాండ్, డెత్‌గా పేరు మార్చుకుని 1987లో తొలి ఆల్బమ్ తెచ్చి డెత్ మెటల్‌కు దారి వేసినవాటిలో ఒకటైంది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ బ్యాండ్ నేపామ్ డెత్ ‘స్కమ్’ ఆల్బమ్‌లో సెకను పైచిలుకు మాత్రమే సాగే పాట చేసింది.

ఈ సంగీతం అదుపులేని అరుపు కాదు. ఎడతెగకుండా అతివేగంగా సాగే బ్లాస్ట్ బీట్‌లో డ్రమ్మర్ చేతులూ కాళ్లూ గడియారంలా కలవాలి. గొంతు చెడకుండా గర్జించడానికి ఏళ్ల సాధన కావాలి. ఒంటిని ఊపేసే మోత మనకూ కొత్తేమీ కాదు. అరకు కొండల్లో తుడుము, డప్పు, కిరిడి మోగుతూ, మోరి పలుకుతుంటే దింసా నృత్యం ఆడతారు. అందులో బాయ దింసా పూనకం వచ్చినవాళ్ల కదలికలతో నడిచేదే. లయ తప్పితే అక్కడా ఆట ఆగిపోతుంది.

మన దేశంలో మెటల్ సంగీతానికి ముందు ఊతమిచ్చినవి ముంబై, బెంగళూరు. 2000లో ముంబైలో డెమోనిక్ రెసరెక్షన్ బ్యాండ్ పుట్టింది. 2007లో బ్రిటిష్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ బెంగళూరు వేదికెక్కాక, పెద్ద మెటల్ కచేరీలు ఇక్కడా జరుగుతాయన్న ధీమా వచ్చింది. గాడ్‌లెస్ ఈ నేల మీదే నిలబడింది. గాయకుడు కౌశల్, బేస్ వాయించే అబ్బాస్ రజ్వీ, డ్రమ్స్‌పై అనికేత్ యాదవ్ ఇందులో ముఖ్యులు. పాత డెత్ మెటల్ బరువుకు థ్రాష్ మెటల్ వేగం కలిపి 2016లో ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’ అనే చిన్న ఆల్బమ్‌లు తెచ్చారు. పూర్తి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ 2021లో వచ్చింది.

సంగీతమంటే సినిమా పాటే అయిన చోట, సినిమా అండ లేకుండా, హడావుడి పడకుండా, ఒక్కో మెట్టే ఎక్కుతూ ఇంతదూరం రావడమే ఈ బ్యాండ్ గొప్ప. వినాలనిపిస్తే ‘స్వార్మ్’తో మొదలుపెట్టండి. తొలిసారి గొంతును పక్కన పెట్టి, డ్రమ్స్ వెంటే వెళ్లండి.