శ్రుతప్రకాశికా రక్షణము

శ్రీరామానుజుల శ్రీభాష్యమునకు వ్యాఖ్యానములు పెక్కులున్నను, పాఠము చెప్పునపుడు మేము ముందుగా చేతికి తీసికొనునది శ్రుతప్రకాశిక. కాంచీపురమున నడాదూరు అమ్మాళ్ అనబడు వరదాచార్యులు చెప్పిన పాఠములను శిష్యులైన సుదర్శనసూరి విని వ్రాసినది గనుక దానికా పేరు. తమ ప్రజ్ఞను గాక, తాము వినుటనే పేరున నిలిపిరి. ఎంతటి వినయము!

క్రీ.శ. 1323 ప్రాంతమున ఢిల్లీ సేనలు శ్రీరంగముపై బడినవి. వృద్ధులైన సూరి తమ గ్రంథమును, ఇద్దరు కుమారులను వేదాంతదేశికులకు అప్పగించి అచటనే ప్రాణములు విడిచిరని సంప్రదాయము. పసితనమున అమ్మాళ్ పాఠగోష్ఠిని దర్శించిన దేశికులు ఆ రాత్రి శవముల నడుమ దాగి, పిల్లలతోను తాళపత్రములతోను బయటపడి, కన్నడదేశము చేరిరట.

ఇది కథయేగదా యనువారు కలరు. కానిండు. కొలదిపాటి ప్రతులే యున్న కాలమున తాటాకులు కాలిన శాస్త్రమే కాలును. శ్రీరామానుజులు తమ భాష్యమునకు ఆధారముగా పేర్కొన్న బోధాయనవృత్తి నేడు మనకు పేరు మాత్రమే! శ్రుతప్రకాశికకు ఆ గతి పట్టలేదు.

ఆ యలజడిలోనే శ్రీరంగనాథుని ఉత్సవమూర్తియు శ్రీరంగము వీడి, తుదకు తిరుమల చేరి, 1371లో గోపనార్యుని మూలమున స్వస్థానమునకు మరలెను. తిరుమలలో స్వామి విడిసిన రంగనాయకమండపము మీరందరు చూచినదే.