సగం బొమ్మ, నిండు బొమ్మ: టీవీ ఆటల తగవులో అసలు తీర్పరి

వీడియో గేముల చరిత్ర రాసేవాళ్ళు తెర మీది చిత్రం సంగతి వచ్చేసరికి దాదాపు అందరూ ఒకే కథ చెబుతారు. పాత టీవీలు బొమ్మను రెండు విడతలుగా గీసేవి, దాన్ని ఇంటర్‌లేస్ అన్నారు. ఆటలు ఆ లోపాన్ని చాలాకాలం భరించాయి. హెచ్‌డీ వచ్చాక 1080ఐ, 720పి పోటీ పడ్డాయి: ఐ అంటే ఇంటర్‌లేస్, పి అంటే ప్రతిసారీ అన్ని గీతలూ గీసే ప్రోగ్రెసివ్. వేగంగా కదిలే దృశ్యాలకు నిండు ఫ్రేమే మేలని తేలి 720పి నెగ్గింది, ఆ బాటలోనే 1080పి, 4కె వచ్చాయి. ఈ కథలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆటలు పుట్టుకతోనే ప్రోగ్రెసివ్ అన్న సంగతి ఇందులో ఎక్కడా కనపడదు. 2002, 2007 సంవత్సరాల మధ్య నడిచిన అసలు తగవును తేల్చింది ఆడేవాళ్ళ కళ్ళు కావనీ, టీవీ లోపలి సర్క్యూట్లనీ ఎవరూ చెప్పరు. ఇంటర్‌లేస్ ఓడి వెళ్ళిపోయిందన్న ముగింపు కూడా నాకు నిలిచేలా కనిపించదు.

ఇంటర్‌లేస్ పుట్టుక గురించి ఇక్కడ ఎక్కువ చెప్పుకోనక్కరలేదు. 1930ల తొలినాళ్ళలో జర్మనీలో టెలిఫుంకెన్, అమెరికాలో ఆర్‌సీఏ ఇంజనీర్లు ఈ ఉపాయానికి వచ్చారు. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు గీస్తే, బ్యాండ్‌విడ్త్ పెరగకుండానే తెర మినుకు తగ్గుతుంది, గీతల సంఖ్యా తగ్గదు. 1936లో మొదలైన బీబీసీ 405 గీతల ప్రసారం, 1941లో అమెరికా స్థిరపరచిన 525 గీతల ప్రమాణం రెండూ ఈ పద్ధతివే. మన దూరదర్శన్ తీసుకున్న 625 గీతలు, సెకనుకు 50 ఫీల్డుల పద్ధతి కూడా ఆ కుటుంబంలోదే. గీతల్లో సగాన్ని మోసే ఒక్కో విడతను ఫీల్డ్ అంటారు. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేమ్.

మొదటి సవరణ ఇక్కడే అవసరం. 1977 నాటి అటారి 2600, 1983 నాటి ఫామికామ్, 1988 నాటి మెగా డ్రైవ్, ఇవన్నీ ఇంటర్‌లేస్ టీవీలకే తగిలించినవి. అయినా అవి పంపింది ఇంటర్‌లేస్ చిత్రం కాదు. అమెరికా, జపాన్ ప్రమాణంలో ఫీల్డుకు 262 గీతలన్నర ఉంటాయి. ఆ చివరి అర గీతే రెండో ఫీల్డును మొదటి ఫీల్డు గీతల సందుల్లోకి జరుపుతుంది. కన్సోళ్ళు ఆ అరను వదిలేసి 262 గీతలే పంపేవి. దాంతో ప్రతి ఫీల్డూ పాత గీతల మీదే పడి, సెకనుకు 60 నిండు బొమ్మలు వచ్చేవి. ఇప్పుడు 240పి అంటున్నది దాన్నే. మినహాయింపులు లేకపోలేదు: 1992లో వచ్చిన సోనిక్ 2 ఇద్దరు ఆడే పోటీలో తెరను రెండుగా చీల్చడానికి ఇంటర్‌లేస్‌ను వాడుకుంది. కానీ అది అరుదు. తొలి 20 ఏళ్ళూ ఇంటింటి ఆటలు నడిచింది చాలావరకు ప్రోగ్రెసివ్ చిత్రంతోనే.

ఇంటర్‌లేస్ ఆటల్లోకి నిజంగా అడుగుపెట్టింది తర్వాత, అదీ పొదుపు కోసం. 1994 ప్లేస్టేషన్‌లో, 1996 నింటెండో 64లో అక్కడక్కడ కనిపించిన ఈ పద్ధతి 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2తో మామూలైపోయింది. దాని గ్రాఫిక్స్ చిప్ లోపలి మెమరీ 4 మెగాబైట్లే. 640×448 పిక్సెళ్ళ ఫ్రేమ్ ఒక్కటే అందులో మెగాబైటుకు పైగా తినేస్తుంది. టెక్స్చర్లకూ డెప్త్ బఫర్‌కూ చోటు కావాలి. అందుకే తొలినాటి ఆటలు కొన్ని నిండు ఫ్రేమ్ గీయడం మానేసి, విడతకు 224 గీతల ఫీల్డు మాత్రమే గీసి పంపాయి. అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయని రిడ్జ్ రేసర్ 5 వంటి ఆటల మీద వచ్చిన ఫిర్యాదులకు మూలం ఇదే. మరో చిక్కు కూడా ఉంది. ఇలా గీసే ఆట సెకనుకు 60 ఫీల్డులు తప్పకుండా అందించాలి. ఒక్కటి ఆలస్యమైతే బేసి, సరి వరుస చెడి బొమ్మ ఒక గీత మేర ఎగురుతుంది. అదే కాలంలో 1998 నాటి డ్రీమ్‌కాస్ట్‌ను కంప్యూటర్ మానిటర్‌కు తగిలిస్తే చాలా ఆటలు 480పిలో వచ్చేవి. ఆ దశలో ఇంటర్‌లేస్‌ను తెచ్చిపెట్టింది టీవీ ఒక్కటే కాదు, మెమరీ కూడా.

ఇక అసలు తగవు. హెచ్‌డీ ప్రసారం ఏ రూపంలో ఉండాలన్న వాదం ఆటల కంటే ముందే మొదలైంది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే తెచ్చిన 1125 గీతల హైవిజన్ ఇంటర్‌లేస్. అమెరికాలో 1996 డిసెంబరులో డిజిటల్ టీవీ ప్రమాణాన్ని ఆమోదించిన ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, చిత్రం ఫలానా రూపంలోనే ఉండాలని శాసించకుండా ఆ నిర్ణయాన్ని మార్కెట్‌కు వదిలేసింది. 1997లో మైక్రోసాఫ్ట్, ఇంటెల్, కంపాక్ కలిసి ప్రోగ్రెసివ్ రూపాలతోనే మొదలుపెట్టమని ప్రసార సంస్థలను కోరాయి. ఆ మాట పూర్తిగా చెల్లలేదు: ఏబీసీ 720పి పట్టింది, సీబీఎస్, ఎన్‌బీసీ 1080ఐ పట్టాయి. నాలుగేళ్ళ తర్వాత అదే మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ 720పితో పాటు 1080ఐని కూడా ఇచ్చింది. ఇంటర్‌లేస్‌ను వద్దన్న సంస్థే దాన్ని ఎందుకు మోయాల్సి వచ్చింది?

పిక్సెళ్ళ లెక్కలో జవాబు దొరకదు. 720పి ఫ్రేముకు 9,21,600 పిక్సెళ్ళు. 1080ఐ ఫీల్డుకు 10,36,800. రెండూ సెకనుకు 60 సార్లు. అంటే 1080ఐ ఎనిమిదో వంతు ఎక్కువే అడుగుతుంది. ఏది మేలన్న వాదులాటలన్నీ ఈ అంకెల చుట్టూనే తిరిగాయి. నా దృష్టిలో తేల్చిన అంకె వేరు: ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు ఎన్ని గీతలు గీయాలి?

పాత టీవీలో ఆ పుంజం సెకనుకు సుమారు 15,700 గీతలు గీస్తుంది. 480పికి 31,500. 1080ఐలో, కనపడని గీతలు కలిపి, మొత్తం 1125. సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి 33,750. 720పిలో మొత్తం 750 గీతలు, సెకనుకు 60 ఫ్రేములు, అంటే 45,000. ఈ వరుస చూస్తే విషయం విప్పి చెప్పనక్కరలేదు. 480పి గీయగల సర్క్యూట్‌ను కాస్త పెంచితే 1080ఐ గీస్తుంది. 720పికి మాత్రం పుంజాన్ని ఇంకా చాలా వేగంగా అటూ ఇటూ లాగాలి, దానికి ఖరీదైన భాగాలు కావాలి, వేడి పెరుగుతుంది. అందుకే పిక్చర్ ట్యూబు హెచ్‌డీ టీవీల్లో చాలావాటికి సొంత రూపం 1080ఐ. 720పి వస్తే కొన్ని దాన్ని 1080ఐగా మార్చుకునేవి, కొన్ని గీతలు తగ్గించేవి, కొన్ని అసలు తీసుకునేవే కావు. అంకెల్లో చిన్నదైన 720పి ఆ ట్యూబుకు పెద్ద బరువు.

ఈ కారణాన్ని పక్కన పెడితే 2006 నవంబరు గొడవ అర్థం కాదు. అప్పుడు విడుదలైన ప్లేస్టేషన్ 3ని సోనీ 1080పి యంత్రంగా ప్రచారం చేసింది. రిడ్జ్ రేసర్ 7 నిజంగానే 1080పిలో నడిచింది కూడా. కానీ రెసిస్టెన్స్ వంటి ఆటలు 720పిలో తయారయ్యాయి. 720పి తీసుకోని, 1080ఐ మాత్రమే తెలిసిన హెచ్‌డీ టీవీకి ఆ కన్సోల్ తగిలిస్తే బొమ్మను 1080ఐకి సాగదీసే ఏర్పాటు అందులో లేదు. ఆట నేరుగా 480పికి పడిపోయేది. వేలకు వేలు పోసి హెచ్‌డీ టీవీ కొన్నవాళ్ళు కొత్త కన్సోల్‌లో పాత నాణ్యత చూశారు. దానికి ఏడాది ముందు, 2005 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో ఈ బాధ లేదు. ఆట ఏ పరిమాణంలో గీసినా, ప్రత్యేక చిప్ ఒకటి దాన్ని 480పి, 720పి, 1080ఐలలో ఏది కావాలంటే అందులోకి మార్చి పంపేది. 2006 అక్టోబరు చివర్లో సాఫ్ట్‌వేర్ మార్పుతో 1080పి కూడా చేరింది. ఒకే ఏడాది, ఒకే టీవీ, రెండు వేరు ఫలితాలు. ఆ టీవీ ముందు కూర్చున్నవారికి తేడా తెచ్చింది ఐ, పి అన్న అక్షరాలు కావు, మార్పిడి బాధ్యత ఎవరు తీసుకున్నారన్నది.

మార్పిడి సులువైతే అసలు పరిమాణం గురించి ఎవరూ అడగరు. ఎక్స్‌బాక్స్ 360 ఆటలకు 720పి కనీసమని మైక్రోసాఫ్ట్ ముందు గట్టిగానే చెప్పింది. కానీ విడుదల నాటి ప్రాజెక్ట్ గోథామ్ రేసింగ్ 3 గీసింది 1024×600. 2007లో హేలో 3 గీసింది 1152×640. ఇవి సోమరితనం వల్ల వచ్చిన అంకెలు కావు. గ్రాఫిక్స్ చిప్‌కు అంటిన వేగవంతమైన మెమరీ 10 మెగాబైట్లు. అంచులు నునుపు చేయడానికి పిక్సెల్‌కు రెండు నమూనాలు తీసుకుంటే 1280×720 అందులో పట్టదు, 1024×600 సరిగ్గా పడుతుంది. ప్లేస్టేషన్ 2 దగ్గర 224 గీతలకు దింపిన కారణమే ఇక్కడ 600కు దింపింది. తేడా ఒక్కటే: అప్పటి పొదుపు కంటికి తెలిసేది, ఇప్పటిది పెట్టె మీది 720పి ముద్ర చాటున ఉండిపోయింది.

అయితే 1080ఐ మీద పడ్డ నింద పూర్తిగా అన్యాయమని కూడా అనలేను. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే. రెండు ఫీల్డులూ ఒకే క్షణానివి కాబట్టి తిరిగి అతికిస్తే నిండు బొమ్మ వస్తుంది. సెకనుకు 30 ఫ్రేముల ఆట విషయంలోనూ ఇది నిజమే, ఆ తరం ఆటల్లో చాలావరకు 30వే. సెకనుకు 60 గీసే ఆటలో మాత్రం ప్రతి ఫీల్డూ వేరే క్షణానిది. అతికిస్తే అంచులు దువ్వెన పళ్ళలా విడిపోతాయి. అతికించకపోతే 540 గీతలే మిగులుతాయి. 2004 చివర్లో వచ్చిన గ్రాన్ టురిస్మో 4 ఈ రెండోదాన్నే తెలివిగా వాడుకుంది: దాని 1080ఐ వెనుక గీసినది 640×540 మాత్రమే. ట్యూబు టీవీ మీద అది బాగానే ఉండేది. అదే సంకేతం ఎల్‌సీడీకి వెళితే, ఫీల్డులను కలిపి నిండు ఫ్రేము చేయడానికి టీవీ కనీసం ఒక ఫీల్డును ఆపుకుని ఆలోచించాలి. ఫీల్డుకు సెకనులో అరవయ్యో వంతు. సీరియల్ చూసేవారికి అది లెక్కలోది కాదు, బటన్ నొక్కి గెంతాల్సిన ఆటగాడికి లెక్కే. కాబట్టి 1080ఐ చెడ్డపేరులో కొంత దాని సొంతం, ఎక్కువ భాగం దాన్ని మార్చిన టీవీలది.

ప్రోగ్రెసివ్ చివరకు గెలవడానికి కారణమూ టీవీ తెరే. ఎల్‌సీడీ, ప్లాస్మా తెరల్లో పుంజం లేదు. సాధారణంగా అన్ని వరుసలూ ఒకేసారి వెలుగుతాయి. ఇందులోనూ మినహాయింపు ఉంది: ఫుజిట్సు, హిటాచి తెచ్చిన ఆలిస్ ప్లాస్మా తెరలు వరుసలను మార్చి మార్చి వెలిగించేవి. అవి నిలవలేదు. 2005 జనవరిలో యూరప్ పరిశ్రమ సంఘం హెచ్‌డీ రెడీ ముద్రకు 720పి, 1080ఐ రెండూ తీసుకోవాలని షరతు పెట్టడంతో 2006 నాటి గొడవ లాంటిది అక్కడ తలెత్తే అవకాశం తగ్గింది. ట్యూబులు దుకాణాల నుంచి పోయిన రోజున తగవూ పోయింది. వాదనలో ఎవరూ నెగ్గలేదు, వాదన జరిగిన వేదికే లేకుండా పోయింది.

2012లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రకటించిన అల్ట్రా హెచ్‌డీ సిఫారసు బీటీ 2020లో ఇంటర్‌లేస్ రూపం ఒక్కటీ లేదు. కాగితం మీద కథ అక్కడితో అయిపోయింది. మరుసటి ఏడాదే ప్లేస్టేషన్ 4తో వచ్చిన కిల్‌జోన్ షాడో ఫాల్ బహుళ ఆటగాళ్ళ విభాగం ప్రతి ఫ్రేములో 960×1080 మాత్రమే గీసి, మిగతా నిలువు వరుసలను గత ఫ్రేముల నుంచి నింపింది. బయటికి వచ్చింది 1080పి. ఈ విషయం తెలిశాక అమెరికాలో కోర్టుకు కూడా వెళ్ళారు. 2016లో ప్లేస్టేషన్ 4 ప్రో ఈ పనిని గళ్ళ నమూనాలో చేసింది: 4కె పిక్సెళ్ళలో సగమే కొత్తగా గీసి, మిగతా సగాన్ని గత ఫ్రేము ఆధారంగా పూరించడం. సగం ఇప్పుడు, సగం కొంచెం ముందుది. 1930ల ఉపాయం టీవీ నుంచి కన్సోల్ లోపలికి మకాం మార్చింది, అంతే.

ఈ కొత్త పద్ధతి పాతదాని కంటే నిస్సందేహంగా మెరుగు. ఏ వస్తువు ఎటు కదిలిందో టీవీ ఊహించాల్సి వచ్చేది. కన్సోల్‌కు తెలుసు, ఎందుకంటే కదిలించింది అదే. నా అభ్యంతరం పద్ధతి మీద కాదు, ముద్ర మీద. పి అన్న అక్షరం చివరి తీగలో ఏం ప్రవహిస్తుందో చెబుతుంది, ఎంత గీశారో చెప్పదు. ఇంకో నష్టం కూడా ఎవరికీ పట్టడం లేదు. మన డీటీహెచ్ హెచ్‌డీ చానళ్ళు చాలావరకు ఇప్పటికీ 1080ఐ కాబట్టి ఫీల్డులను కలిపే సర్క్యూట్లు టీవీల్లో ఉన్నాయి, కానీ అవి సినిమాలకూ సీరియళ్ళకూ పనికొచ్చేలా చేసినవి. పాత కన్సోల్ తగిలిస్తే చాలా టీవీలు 240పిని 480ఐ అని పొరబడి, ఉన్న నిండు ఫ్రేములను సగాలుగా లెక్కగట్టి కలిపేస్తాయి. ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేములో గీసిన మినుకు నీడలు చారలవుతాయి, లేదా మాయమవుతాయి. మొదటి నుంచీ ప్రోగ్రెసివ్‌గా ఉన్న ఆటలే ప్రోగ్రెసివ్ యుగంలో చెడిపోయి కనిపిస్తున్నాయి.

కాబట్టి ఆటల చిత్ర నాణ్యత గురించి రాసేవాళ్ళు ఐ, పిలలో ఎవరు గెలిచారని అడగడం మానాలి. ప్రతి ఆట విషయంలో మూడు అంకెలు అడగాలి: ఫ్రేముకు కొత్తగా గీసిన పిక్సెళ్ళు ఎన్ని, సెకనుకు ఎన్నిసార్లు, బటన్ నొక్కిన ఎంతసేపటికి అది తెర మీదికి వచ్చింది. తయారీదార్లు మొదటి అంకెను చెప్పనంత కాలం పెట్టె మీది 4కె అన్న మాటను 2005 నాటి 720పి మాటను నమ్మినంతే నమ్మాలి, అంతకు మించి నమ్మనక్కరలేదు.