బృహద్ధమనిలోని బెలూను: పెట్టుట, తీయుట

తీవ్రమైన గుండెపోటు తరువాత ఒక్కొక్కప్పుడు గుండె కండరము సోలిపోయి, శరీరమునకు చాలినంత రక్తమును పంపజాలదు. అట్టి గుండెకు కొన్ని గంటలో, కొన్ని దినములో ఆసరా ఇచ్చుటకు బృహద్ధమనిలో ఒక పొడవైన బెలూనును అమర్చుదురు. దీనిని లోపల పెట్టిన చరిత్ర వలెనే, బయటికి తీసిన చరిత్రయు తెలిసికొనదగినది.

1962లో అమెరికాలోని క్లీవ్‌లండునందు మౌలోపౌలోస్, టోపజ్, కాల్ఫ్ అను మువ్వురు ఈ బెలూనును గూర్చి ప్రకటించిరి. గుండె విశ్రమించునప్పుడు బెలూను ఉబ్బి, రక్తమును గుండె కండరమును పోషించు ధమనులవైపునకు నెట్టును. గుండె ముడుచుకొనబోవు క్షణమున అది అణగిపోవును; అందుచే గుండెకు శ్రమ తగ్గును. ఇందులో తేలికగా, వేగముగా ప్రవహించు హీలియం వాయువును వాడుదురు. 1967లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ దీనిని మొదటిసారి ఒక రోగికి అమర్చెను. కొన్ని గంటలలో ఆమె తేరుకొనెను.

ఆ కాలపు గొట్టము లావైనది. గజ్జవద్ద చర్మమును కోసి, తొడ ధమనిని తెరచి, దానిని పైకి పంపవలసివచ్చెను. కనుక తీయుటకు మరల శస్త్రచికిత్స తప్పెడిది కాదు. గాయమును తెరచి, బెలూనులోని వాయువును లాగివేసి, గొట్టమును వెలికి తీసి, రక్తపు గడ్డలను తొలగించి, ధమనిని కుట్టెడివారు. గడ్డ మిగిలినచో కాలికి రక్తమందక, గుండె బాగుపడినను కాలు పోవు ప్రమాదముండెడిది.

స్వీడను వైద్యుడు సెల్డింగర్ 1953లోనే, ధమనిని కోయక సూదితో పొడిచి, తీగె వెంబడి గొట్టమును పంపు పద్ధతిని ప్రకటించియుండెను. 1980 ప్రాంతమున, బెలూనును సన్నముగా చుట్టి, ఈ పద్ధతిలో పంపసాగిరి. అప్పటినుండి తీయుటకు సాధారణముగా కోత అక్కరలేదు. గొట్టమును లాగి, ఆ చోటును చేతితో కొంతసేపు గట్టిగా అదిమి పట్టుదురు.

అయినను కత్తి మూలబడలేదు. అరుదుగా బెలూనుకు చిల్లిపడి రక్తము లోపలికి చేరును. అది గట్టిగా గడ్డకట్టినచో బెలూను ముడుచుకొనక ధమనిలో ఇరుకుకొనును. బలవంతముగా లాగిన ధమని చిరుగవచ్చును. అందుచే గొట్టములో నెత్తురు కనబడగానే పంపును ఆపుదురు. ఇరుకుకొన్న దానిని శస్త్రచికిత్సతోనే తీయుదురు.

జర్మనీలో 600 మంది రోగులపై జరిపి 2012లో ప్రకటించిన పరిశీలనలో, ఈ బెలూను మొదటి 30 దినములలోని మరణములను తగ్గించినట్లు కనబడలేదు. అందుచే నేడు దీనిని అందరికిగాక, ఎంచి వాడుదురు. ఆసరా తాత్కాలికమైనప్పుడు దానిని క్షేమముగా తొలగించుటయు చికిత్సలో భాగమే.